నా పేరు ఒక కేక

ఆ ఆదివారం నేను వంటింట్లో బంగాళదుంపల తొక్క తీస్తుంటే స్నానాలగదిలోంచి మా ఆయన ఫెలిక్స్ కేకేశాడు.

"సొకోర్రో! తువ్వాలు!"

తువ్వాలు అతను చెయ్యి చాపితే అందే అరలోనే ఉంది. ముప్పై ఆరేళ్ళుగా ఆ అరలోనే ఉంటోంది. అయినా చేతులు తుడుచుకుని, వెళ్ళి, తీసి, అందించి వచ్చాను. ఎందుకు వెళ్ళావంటే ఏం చెప్పను? ఆ పేరు పెట్టి పిలిస్తే ఎవరికైనా కాళ్ళు ఆగవు. నీళ్ళలో మునిగిపోతున్నవాళ్ళు, ఇల్లంటుకున్నవాళ్ళు, దొంగ చేతికి చిక్కినవాళ్ళు మా స్పానిష్ భాషలో అరిచే మాట అది. 'కాపాడండి' అని. అదే నా పేరు. పెళ్ళయిన మూడో ఏడు సంతాందేర్ సముద్రానికి వెళ్ళినప్పుడు, నేను నీళ్ళలో ఉంటే ఫెలిక్స్ ఒడ్డున గొడుగు కింద నిలబడి "సొకోర్రో! సొకోర్రో!" అని గొంతు చించుకున్నాడు. తీరం కాపలావాడు ఈల ఊది నీళ్ళలోకి దూకాడు. చుట్టుపక్కల తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తారు. ఇంతకీ ఫెలిక్స్‌కి కావలసింది చేపల డబ్బా తెరిచే ఓపెనర్. ఈ కథ అతను ఇప్పటికీ ప్రతి విందులోనూ చెబుతాడు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వుతారు. నేనూ నవ్వుతాను. ఆ రోజు నేను రెండేళ్ళ తరువాత మొదటిసారి ఈదుతున్నానని, ఇంకో పది నిమిషాలు ఉండాలనుకున్నానని, మధ్యలో లేచివచ్చి తడిచేతులతో డబ్బా తెరిచానని ఆ కథలో ఎక్కడా ఉండదు.

కాగితాల మీద నా పేరు ఇంకా పొడుగు. మరియా దెల్ పెర్పెతువో సొకోర్రో. నిత్యసహాయమాత పేరన్నమాట. నిత్య సహాయం. అంటే ఆదివారాలు కూడా సెలవు లేదు. నిఘంటువులో చూస్తే ఆ మాటకి లాటిన్ మూలం 'పరుగెత్తి రావడం' అని ఉంది. చదివి పుస్తకం మూసేశాను. వ్యాకరణం ప్రకారం అది పుంలింగం కూడాను. పనికి మాత్రం ఆడది.

పేర్ల గురించి నాకు ఇంత తెలియడానికి కారణం నా ఉద్యోగం. స్పెయిన్‌లో దువేరో నది పక్కన తొర్రెలాద అనే మా చిన్న పట్నంలో, కోర్టు భవనం కింది అంతస్తులో, జనన మరణాలు నమోదుచేసే ఆఫీసులో ముప్పై మూడేళ్ళుగా గుమాస్తాని. ఒకటో కిటికీలో పుట్టినవాళ్ళు, రెండో కిటికీలో పోయినవాళ్ళు. రెండూ నేనే. ఒకటో కిటికీలో లూసియాలు, మార్తీనాలు, హిమేనాలు వస్తారు. రెండో కిటికీలో దొలోరెస్, అంటే నొప్పులు. సొలెదాద్, అంటే ఒంటరితనం. అంగుస్తియాస్, వేదనలు. రెమెదియోస్, మందులు. కొన్సువేలో, ఓదార్పు. దేశంలో అంతర్యుద్ధం అయ్యాక, మా అమ్మమ్మల, అమ్మల కాలంలో, ఆడపిల్ల పుడితే మరియమ్మ తల్లి పడ్డ బాధల్లోంచి ఒకటి, చేసే సేవల్లోంచి ఒకటి ఏరి పెట్టేవారు. మగపిల్లలకి అలా కాదు. విక్టర్ అంటే గెలిచినవాడు. ఆంద్రెస్ అంటే మగధీరుడు. ఫెలిక్స్ అంటే సుఖవంతుడు. మా ఆయన పేరు అదే, ముందే చెప్పాను. దేశ గణాంక శాఖ వెబ్‌సైటులో నా పేరు కొట్టి చూశాను ఒకసారి. ఆ పేరున్నవాళ్ళ సగటు వయసు అరవై దాటింది. ఈ కిటికీ దగ్గర కూర్చున్న ఇన్నేళ్ళలో ఒకటో కిటికీలో ఆ పేరు రాసిన గుర్తు లేదు. రెండో కిటికీలో మాత్రం రాస్తూనే ఉన్నాను. మా ఆఫీసరు బెర్సోసాగారికి ఇదంతా పట్టదు. ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా, ఎవరో విధవరాలు ఏడుపు ఆపకపోయినా, కిటికీలో మొక్క వాడిపోయినా, తలుపు తీసి "సొకోర్రోగారూ!" అంటాడు. "పేరుకు తగ్గ మనిషి దొరకడం మా అదృష్టం" అని వచ్చినవాళ్ళకి చెబుతాడు. పదోన్నతి మాట వచ్చినప్పుడు ఆ అదృష్టం గుర్తుండదు.

సరే, ఆ ఆదివారం. మా అమ్మాయి లీదియా, అల్లుడు రూబెన్ భోజనానికి వచ్చారు. లీదియాకి ఏడో నెల. ఆడపిల్ల అని స్కానింగులో తెలిసింది. మా అమ్మ ఫ్వెన్సీస్లా నాతోనే ఉంటుంది, ఎనభై ఏడేళ్ళు. బల్ల చివర తన కుర్చీలో కూర్చుంది. నేను పొయ్యిలోంచి గొర్రెపిల్ల మాంసం తీసి తెస్తుంటే లీదియా గ్లాసు మీద చెంచాతో కొట్టింది.

"అమ్మా, అది అక్కడ పెట్టి కూర్చో. ఒక మాట చెప్పాలి. పాపకి నీ పేరు పెడుతున్నాం. సొకోర్రో."

ఫెలిక్స్ చప్పట్లు కొట్టాడు. లీదియా మొహం వెలిగిపోతోంది.

"ఇప్పుడు పాతకాలం పేర్లదే ఫ్యాషన్ అమ్మా. మా ఆఫీసులో ఒకావిడ కార్మెలా అని పెట్టింది, ఇంకొకావిడ మనువేలా. సొకోర్రో అయితే బళ్ళో ఇంకెవరికీ ఉండదు. చూడు, ఏడుస్తోంది! నాన్నా, అమ్మ ఏడుస్తోంది!"

నేను ఏడవడం లేదు. పొయ్యి తెరిచినప్పుడు ఆవిరి కొట్టింది. ఆ మాట చెప్పేలోగా రూబెన్ అందుకున్నాడు.

"ఇంకోటి కూడా అత్తయ్యా. మీకు అరవై దాటాయి, సర్వీసు ముప్పై దాటింది. ముందే రిటైరవ్వచ్చట కదా, నేను అడిగి కనుక్కున్నాను. సెప్టెంబరు నుంచి లీదియా పనిలోకి వెళ్ళాలి. శిశుసదనంలో చోటు దొరకడం కష్టం. మీరు పొద్దున్న ఎనిమిదికల్లా వస్తే..."

"వస్తుందిరా, ఎందుకు రాదు?" అన్నాడు ఫెలిక్స్, మాంసంలో పెద్ద ముక్క తన పళ్ళెంలో వేసుకుంటూ. "ఆ పేరు పెట్టుకున్నది మరెందుకు!"

అందరూ నవ్వారు. నాకు చెప్పకుండా నా సర్వీసు లెక్క కనుక్కున్నారు. నా పేరు తీసుకెళ్ళి పిల్లకి పెట్టారు. నన్ను తీసుకెళ్ళి పిల్ల దగ్గర పెట్టారు. ఒకటి బహుమానం, ఒకటి డ్యూటీ, రెండూ ఒకే కాగితంలో చుట్టి ఇచ్చారు. బహుమానం వద్దంటే పొగరు. డ్యూటీ వద్దంటే కఠినాత్మురాలు. నేను నోరు తెరవకముందే బల్ల చివరనుంచి మా అమ్మ ఫోర్కు కింద పెట్టింది.

"ఆ పేరు వద్దు" అంది.

"అదేంటి అమ్మమ్మా?"

"వద్దన్నానుగా. ఇంకేదైనా పెట్టుకోండి. ఆ పేరు వద్దు."

ఫెలిక్స్ రూబెన్ వైపు వంగి, తల పక్కన వేలు తిప్పి చూపించాడు. మా అమ్మకి చెవుడు ఉంది కానీ మతి చలించలేదు. రోజూ పేపర్లో గళ్ళనుడికట్టు పూర్తిచేసి, తప్పులుంటే పత్రిక వాళ్ళని తిడుతుంది.

మర్నాడు ఆఫీసునుంచి వచ్చాక సాయంత్రం ఆవిడకి తల రుద్దాను. సోమవారం సోమవారం రుద్దుతాను. వాష్‌బేసిన్ మీదికి వంగి కూర్చుని, కళ్ళు మూసుకుని, నురగలోంచి అంది.

"మీ నాన్న సైకిలెక్కలేదు."

ఏమంటోందో నాకు వెంటనే అర్థమైంది. నేను పుట్టిన కథ మా ఇంట్లో పండగ పండగకీ నాన్న చెప్పేవాడు. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయని, పద్నాలుగు కిలోమీటర్లు చీకట్లో సైకిలు తొక్కి డాక్టరుని తెచ్చాడని, ఈలోగా అమ్మ గోడమీది నిత్యసహాయమాత పటం చూసి మొక్కుకుందని, తెల్లారేసరికి నేను క్షేమంగా పుట్టానని, అందుకే ఆ పేరని. ఆయన పోయి పన్నెండేళ్ళయినా ఆ కథ పోలేదు. ఫెలిక్స్ చెబుతున్నాడు ఇప్పుడు.

"సాయంత్రం నాలుగు" అంది అమ్మ. "ఎండ కాస్తోంది. ద్రాక్షకోతలు అప్పుడే అయ్యాయి, మగవాళ్ళకి పనుల్లేవు. మీ నాన్న ఎదురుగా బారులో పేకాడుతున్నాడు. నొప్పులు ఒక్కసారి పడ్డాయి. మంచం మీదనుంచి లేవలేక కిటికీదాకా పాక్కుంటూ వెళ్ళి అరిచాను. సొకోర్రో, సొకోర్రో అని. మాతనేం పిలవలేదు పిల్లా. మనుషుల్ని పిలిచాను. ఎవరొచ్చినా చాలని."

నా చేతులు ఆవిడ తలమీద ఆగిపోయాయి.

"వినపడలేదేమో వాళ్ళకి" అన్నాను.

"వినపడింది. అదే చెబుతున్నా. బట్టలుతికే ఎమెతేరియా అటు పోతోంది. అదే చూసింది. లోపల ఒకడన్నాడట, 'మీ ఆవిడ దేవతని పిలుస్తోందిరోయ్' అని. మీ నాన్న, 'ఈ ఆట కానీ, వెళ్తా' అన్నాడట. ఎమెతేరియా బుట్ట వీధిలో పడేసి మెట్లెక్కి వచ్చింది. నిన్ను పట్టుకున్నది అది. సబ్బువాసన చేతులు. మూడోరోజు మీ నాన్న మీ ఆఫీసుకే వెళ్ళి రాయించి వచ్చి చెప్పాడు, 'నువ్వు అరిచిన పేరే పెట్టేశాను' అని. బారంతా పడీపడీ నవ్వారట. నేను నీకు వేరే పేరు అనుకున్నాను."

"ఏం పేరమ్మా?"

"చెప్పను. అరవై ఏళ్ళు దాచుకున్నా. అది నాది." తల ఇంకా వంచి, "కళ్ళల్లో పడుతోంది, కడుగు" అంది.

కడిగాను. తల తుడిచాను. ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "చెబితే ఆ పేరుతో ఎట్లా బతుకుతావు?" అంది. "ఎవరు నిన్ను పిలిచినా నేను ఆ కిటికీ దగ్గరే ఉంటాను. నీక్కూడా ఎందుకని."

మర్నాడు పాత పుస్తకాల గది తాళం అడిగితే బెర్సోసాగారు, వెళ్ళేముందు ప్రింటరులో టోనరు మార్చి వెళ్ళమన్నాడు. మార్చి వెళ్ళాను. పందొమ్మిది వందల అరవై రెండు, అక్టోబరు. ముప్పై మూడేళ్ళు ఆ పుస్తకం ఉన్న భవనంలోనే పనిచేస్తూ, ఊళ్ళో అందరి పుట్టుకలూ తీసి చూపించి, నాది ఒక్కసారీ తెరిచి చూడలేదు. చూడడానికేముంది, కథ కంఠతా వచ్చుగా! నీలిసిరా, వాలుగా రాసిన అక్షరాలు. జన్మించిన సమయం, సాయంత్రం నాలుగు గంటల ఇరవై నిమిషాలు. తెలియజేసినవారు, తండ్రి. తండ్రి వృత్తి, రైతు. తల్లి వృత్తి దగ్గర 'తన పనులు' అని ఉంది. అప్పట్లో ఇంట్లో ఉండే ఆడవాళ్ళందరికీ అలాగే రాసేవారు. ఆ మాట నేను కొన్ని వేలసార్లు నకలు తీశాను. ఆ రోజే సరిగా చదివాను. పనులు తనవట! ఆవిడ అరుపు కూడా తనది కాకుండా పోయింది, మొగుడు తీసుకెళ్ళి ఆఫీసులో రాయించుకున్నాడు, పనులు మాత్రం ఆవిడవి. పుస్తకం ఆ గదిలో గోడకి విసిరికొట్టాలనిపించింది. కొట్టలేదు. ఊళ్ళో వాళ్ళ పుట్టుకలు కూడా ఉన్నాయి అందులో. జాగ్రత్తగా మూసి అరలో పెట్టాను.

శనివారం లీదియా ఇంటికి వెళ్ళాను. ఉయ్యాల బిగించడానికి మరలు వెతుకుతోంది. రూబెన్ లేడు, ఫుట్‌బాల్ చూడడానికి వెళ్ళాడు. నేను కోటు కూడా విప్పకుండా చెప్పాను.

"పాపకి నా పేరు పెట్టొద్దు."

"అమ్మమ్మ అన్నదనా?"

"అమ్మమ్మ అన్నది. నేనూ అంటున్నాను." అమ్మ చెప్పిందంతా చెప్పాను. లీదియా చేతిలో మరలు పట్టుకుని విన్నది. దాని మొహం ముందు తెల్లబోయింది, తరువాత ఎర్రబడింది.

"తాతయ్య చేసినదానికి నన్నంటావేం? నేను ప్రేమతో పెడదామనుకున్నాను. నీకో గౌరవం అని."

"గౌరవమే. కాదనను. పొద్దున్న ఎనిమిదింటికి రమ్మన్నది కూడా గౌరవమేనా?"

"ఓ, అదా నీ బాధ! ముందే చెప్పొచ్చుగా! పేరు పేరు అని తాతయ్య మీద పెట్టి..."

"రెండూ బాధే. ఒకదాని వెనక ఒకటి దాచలేదు. నేను రిటైరవ్వను లీదియా. పదవీవిరమణకి ఇంకా నాలుగేళ్ళుంది, ఆ నాలుగేళ్ళూ చేస్తాను. పాపని చూడ్డానికి వస్తాను, ఎత్తుకుంటాను, బొమ్మలు తెస్తాను. రోజూ పెంచడానికి రాను."

అది మరలు నేలమీద పారేసింది. "అయితే నాకు అవసరమైతే నేనెవర్ని పిలవాలి?"

"రూబెన్‌ని పిలువు. ఆ పేరు కూడా నోరు తిరగనిదేం కాదు."

నా నోటినుంచి అంత పదునుగా ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. అది ఏడ్చింది. నేను వంగి మరలన్నీ ఏరి, గిన్నెలో వేసి, బల్లమీద పెట్టి వచ్చేశాను. ఉయ్యాల బిగించలేదు. దారిపొడుగునా, వెనక్కి వెళ్ళి బిగించేద్దామని కాళ్ళు లాగాయి. ముప్పావు గంటలో అయిపోయే పని. లాగిన ప్రతిసారీ ఆగి నిలబడ్డాను. ఒక రొట్టెల దుకాణం ముందు, తరువాత వంతెన మీద.

ఇంట్లో ఫెలిక్స్ వారం రోజులు మాట్లాడలేదు. ఎనిమిదోరోజు మాట్లాడాడు. "మూడక్షరాల కోసం కన్నకూతురి మనసు విరిచావు. ఎవరి ఇంట్లోనైనా ఉందా ఇది? మా అమ్మ ఆరుగురు మనవల్ని పెంచింది, ఒక్కరోజు నోరెత్తిందా?" వాళ్ళమ్మ నోరెత్తేదో లేదో అతనికెలా తెలుస్తుంది? ఆవిడ మాట్లాడేది వంటింట్లో, అతను కూర్చునేది హాల్లో. నాకు తెలుసు. గిన్నెలు కడుగుతూ ఆవిడ నాతో అన్నవన్నీ నాకు తెలుసు. చెప్పబోయి మానేశాను. చెబితే అదొక పని.

మే నెలలో ఒక మంగళవారం పాప పుట్టింది. కబురు రూబెన్ పంపాడు. సాయంత్రం కోడిరసం డబ్బాలో పోసుకుని ఆసుపత్రికి వెళ్ళాను. లీదియా నన్ను చూసి మొహం పక్కకి తిప్పుకుంది కానీ రసం తాగింది. పాప నా మూరకి కాస్త పొడుగు. ఉయ్యాలకి కట్టిన అట్టమీద పేరు ఉండాల్సిన చోట 'లీదియా పాప' అని రాసి ఉంది.

గురువారం పదకొండింటికి ఒకటో కిటికీ ముందు రూబెన్ నిలబడ్డాడు. గడ్డం పెరిగి, చొక్కా ముడతలు పడి, చేతిలో ఆసుపత్రి కాగితంతో. తీసుకుని చూశాను. బరువు, సమయం, అమ్మ, నాన్న అన్నీ ఉన్నాయి. పేరు గడి ఖాళీ.

"లీదియా ఏమంది?"

"మీకేది ఇష్టమైతే అది రాసుకోమంది అత్తయ్యా. అంటే, కొంచెం కోపంగా అంది. మామయ్య మాత్రం పొద్దుటినుంచీ నాలుగుసార్లు ఫోన్ చేశారు. సొకోర్రో అనే రాయించాలట, రాయించాక ఫోటో తీసి పంపాలట." జేబులోంచి పెన్ను తీశాడు. "పోనీ అదే రాసేద్దామా? అందరూ సర్దుకుంటారు."

ఈ కిటికీకి అవతల, అరవై రెండులో, మా నాన్న ఇలాగే ఒక్కడూ నిలబడి ఉంటాడు. ఇంతకంటే చెడ్డవాడేం కాదేమో. ఇవతల కూర్చున్న గుమాస్తా నవ్వి రాసేసి ఉంటాడు. నేను కాగితం మీద చెయ్యి పెట్టాను.

"పెన్ను లోపల పెట్టు. ఈ గడి మామయ్యది కాదు. నాది కాదు. నీ ఒక్కడిదీ కాదు. అరిచింది ఎవరో వాళ్ళని అడుగు."

వెనక తలుపు తెరుచుకుంది. "సొకోర్రోగారూ, సొంతవాళ్ళ కాగితమేగా, తొందరగా కానిచ్చి ఇలా రండి, ఫోటోకాపీ యంత్రం..."

"యంత్రం మీరే చూసుకోండి బెర్సోసాగారూ" అన్నాను, వెనక్కి తిరక్కుండా. తలుపు మూసుకుంది. మూసుకుంటుందని నాకు ముప్పై మూడేళ్ళుగా తెలియలేదు.

రూబెన్ ఫోన్ చేశాడు. రెండు మాటలు మాట్లాడి, అద్దం కింది సందులోంచి ఫోను నాకు తోశాడు. "మీకివ్వమంటోంది."

"అమ్మా" అంది లీదియా. గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "నీమీద కోపం పోలేదు. ముందే చెబుతున్నా."

"సరే."

"పదకొండు గంటలు అరిచానమ్మా. అమ్మమ్మ సంగతే బుర్రలో తిరిగింది. రూబెన్ పక్కనే ఉన్నాడులే, ఒకసారి కళ్ళు తిరిగి పడ్డాడు కానీ ఉన్నాడు. పడుకుని ఆలోచించాను. రేపు దీన్ని ఎవడో ఒకడు ఆ పేరు పెట్టి పిలుస్తాడు, ఇది లేచి వెళ్తుంది. నాకే ఒళ్ళు మండింది. నువ్వింకా నాకు అర్థం కాలేదు, అది వేరే. హిమేనా అని రాయి."

"ఇప్పుడు ఎక్కువమంది పెడుతున్న పేర్లలో పై వరసలో ఉంది అది. తరగతికి ఇద్దరేసి ఉంటారు" అన్నాను. గుమాస్తా నోరు ఊరుకోదు.

"ముగ్గురుండనీ. ఒకళ్ళు పలక్కపోతే ఇంకొకళ్ళు పలుకుతారు."

నాకు నవ్వొచ్చింది. అటువైపు అది కూడా ముక్కుతో నవ్వినట్టు వినిపించింది.

"ఇంకోటి" అంది. "రూబెన్ తండ్రిగా తనకిచ్చే సెలవులో మిగిలిన పది వారాలు నా సెలవు అయ్యాక తీసుకుంటాడు. వాడికింకా తెలియదు. నువ్వు చెప్పకు, నేనే చెప్తా." పాప ఏడుపు వినిపించి ఫోన్ పెట్టేసింది.

తల్లి చెప్పిన ప్రకారం నింపి, రూబెన్ చేత సంతకం పెట్టించి, కీబోర్డు ముందుకు లాక్కుని ఆ పేరులోని అక్షరాలు ఒక్కొక్కటిగా కొట్టాను. నా ఫోను బల్లమీద రెండుసార్లు మోగింది. ఫెలిక్స్. బోర్లా తిప్పి పెట్టాను. ముద్ర వేసిన నకలు అందించాను.

రూబెన్ ఆ కాగితం చదువుకుంటూ అక్కడే నిలబడ్డాడు. "హిమేనా. బాగుంది. దీనికి అర్థం ఏమిటి అత్తయ్యా? మామయ్య మొదట అదే అడుగుతారు."

"చాలా పాత పేరు. ఒకరు 'వినేది' అంటారు. ఒకరు బాస్కు భాష మాట అంటారు. 'కొడుకు' అని కూడా అంటారు కొందరు. ఖాయంగా ఎవరికీ తెలియదు."

"అయితే ఏమని చెప్పను?"

"మాటలు వచ్చాక దాన్నే అడగమని చెప్పు."